దానియేలన్నకు లేని జబ్బు

ఏడేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. నిక్షేపంలాంటి మనిషికి నేను జబ్బు అంటగట్టాను. చేసిన పని ఒక ఎత్తు. ఆ తర్వాత నా నోట్లోంచి అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ దిమ్మ తిరుగుతుంది.

అల్లూరు దగ్గర ఒక ఊళ్ళో నాది మోటార్లు, మైకుసెట్లు బాగుచేసే అంగడి. దానియేలన్న మా మందిరంలో గిటారు వాయించేవాడు. వారంలో ఆరు రోజులు రొయ్యల గుంటలకు మేత తోలే లారీ నడిపేవాడు. ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కొని గిటారు భుజానికి తగిలించుకుంటే మాత్రం వేరే మనిషి. తోడబుట్టినవాడు కాకపోయినా నాకు అన్నే.

నెల్లూరులో ఒక పెద్దాయన తన పాత గిటారు యాంప్లిఫయరును మందిరానికి కానుకగా ఇచ్చాడు. లోపల గాజు వాల్వులు ఎర్రగా వెలిగే పాతకాలపు పెట్టె. దాని గొంతు ఎంత తియ్యగా ఉండేదో చెప్పలేను. కానీ దానికొక రోగం. ఉన్నట్టుండి బుర్రుమని మోగేది, కాసేపటికి దానంతట అదే ఆగేది. సరిగ్గా ప్రార్థన మధ్యలో మోగేది. దీనికి కూడా బాప్తిస్మం ఇప్పించాలేమో అని పాస్టరు గారు నన్ను ఆటపట్టించేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి, లోపల మాత్రం ఉడికిపోయేవాణ్ణి.

మూడుసార్లు అంగడికి తెచ్చాను. వాల్వులు ఒక్కొక్కటే మార్చి చూశాను, పెన్సిలుతో తట్టి చూశాను, కండెన్సర్లు మార్చాను, టంకాలన్నీ కొత్తగా వేశాను. అంగడిలో చప్పుడే ఉండేది కాదు. మందిరానికి తీసుకుపోతే మళ్ళీ మొదలు. రోగం పెట్టెలో లేదని నాకు అప్పుడే తట్టి ఉండాలి కదా? తట్టింది. అదే చెబుతున్నాను, తట్టింది. మందిరం ఎర్తు లైనులోంచి వస్తోందని అనుమానం వచ్చింది. అదెక్కడి నుంచి వస్తోందో వెతికే ఓపిక నాకు లేకపోయింది. మర్నాడు ఆదివారం, కోట అనే ఊరి నుంచి పాటల బృందం వస్తోంది, వాళ్ళ ముందు నవ్వులపాలు కాకూడదన్నదొక్కటే నా ఆలోచన. ప్లగ్గు విప్పి ఎర్తు వైరు కోసేశాను.

ఎర్తు వైరు ఎందుకుంటుందో తెలియనివాణ్ణి కాదు. ఇనుప బాడీలోకి కరెంటు లీకైతే అది మనిషిని కొట్టకుండా నేలలోకి పోవడానికి. ఎర్తు లేకుండా గుంటల దగ్గర మోటార్లు పెట్టొద్దని ఊళ్ళో అందరినీ తిట్టేది నేనే. పాత పెట్టెల్లో ఆ లీకు మామూలే. అయినా కోశాను. అంగడిలోనే పెట్టె ఆన్ చేసి గిటారు తీగలు పట్టుకు చూశాను. ఏమీ కాలేదు. ఎందుకవుతుంది, కాళ్ళకు రబ్బరు చెప్పులున్నాయి. మందిరంలోకి ఎవరూ చెప్పులతో రారు. బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ మెట్ల దగ్గర చెప్పులు విడుస్తున్న నాకు ఆ సాయంత్రం ఆ సంగతే గుర్తు రాలేదు.

పొద్దున నేలంతా తడిగుడ్డతో తుడిచారు. ఇంకా ఆరలేదు. పెట్టె బుర్రుమనకపోయేసరికి పాస్టరు గారు నా వైపు చూసి తల ఊపారు. నేను పొంగిపోయాను. రెండో పాటకు దానియేలన్న తీగల మీద చెయ్యి ఉంచి, పాడటానికి మైకు దగ్గరికి వంగాడు. పెదవి ఎర్తు ఉన్న మైకుకు తగిలింది. మనిషి కొయ్యబారిపోయాడు. వెల్లకిలా పడ్డాడు. గిటారు గుండె మీదే ఉంది, కాళ్ళూ చేతులూ టపటపా కొట్టుకుంటున్నాయి.

ఫిట్సు అని ఎవరో కేక వేశారు. అందరూ అన్న దగ్గరికి పరుగెత్తారు. నేను స్విచ్చి దగ్గరికి పరుగెత్తాను. ఏమీ తెలియనివాడైతే పడిపోయిన మనిషి దగ్గరికి పోతాడు. నేను గోడ వైపు పోయాను. అంటే ఆ క్షణానికే నాకు అంతా తెలుసు.

నేను స్విచ్చి ఆపడమూ, సంఘపెద్ద ఒకాయన తన తాళాలగుత్తి తీసి అన్న పిడికిట్లో పెట్టడమూ ఒక్కసారే జరిగాయి. ఫిట్సు వచ్చినవాళ్ళ చేతిలో ఇనుము పెడితే తగ్గుతుందని మావైపు నమ్మకం. అన్న కాళ్ళూ చేతులూ ఆగిపోయాయి. ఇంకేం కావాలి? తాళాలు పెట్టగానే ఆగింది కాబట్టి ఫిట్సే అని మందిరమంతా తేల్చేసింది. నేను గోడకు ఆనుకొని చూస్తూ నిలబడ్డాను. నోట మాట రాలేదు. రాలేదా, నేను రానివ్వలేదా?

అన్నను నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోయిన హడావిడిలో నేను పెట్టెను అంగడికి చేర్చి ఎర్తు వైరు మళ్ళీ బిగించాను. సాయంత్రం పెద్దలందరి ముందు టెస్టరు పెట్టి చూపించాను. టెస్టరు వెలగలేదు. మర్నాడు ఆస్పత్రికి వెళ్ళాను. మంచం పక్కన అన్న భార్య మేరీ వదిన ఉంది. స్కానింగులో ఏమీ కనపడలేదని చెప్పింది. అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

“కరెంటేమన్నా కొట్టిందా తమ్ముడూ? డాక్టరు అదే అడగతా ఉండాడు. నువ్వు ఆడనే ఉన్నావు గదా.”

“లేదన్నా. నేను టెస్టరు పెట్టి చూసినా. కరెంటు కాదు.”

“నువ్వు చూసినావంటే ఇంకేంది,” అని కళ్ళు మూసుకున్నాడు.

ఒక్క క్షణం కూడా తడుముకోలేదు నేను. ముందే నేర్చుకొని వచ్చినట్టు చెప్పాను. ఇలాంటివాణ్ణని అప్పటిదాకా నాకే తెలియదు.

ఆ మాట మీదే ఫిట్సుకు మాత్రలు రాశారు. లారీ ఓనరు మళ్ళీ స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. అన్న ఇప్పుడు ఒక రొయ్యల గుంట గట్టున కాపలా ఉంటున్నాడు. మాత్రల మత్తుకు మాట్లాడుతూనే తూగుతాడు. వేళ్ళు మందగించాయని గిటారు మానేశాడు. వదిన ప్రతి శుక్రవారం ఉపవాసం ఉంటుంది. పడిపోయిన నెలలోపే మందిరం వెనక గుంటలోని ఏరేటరు, అదే నీళ్ళలో గాలి చిలికే మోటారు, నా దగ్గరికే రిపేరుకు వచ్చింది. అది తిరిగినప్పుడల్లా కరెంటు నేలలోకి లీకై మందిరం ఎర్తు లైనులోకి ఎక్కుతోంది. దాన్ని బాగుచేశాక యాంప్లిఫయరు మళ్ళీ బుర్రుమనలేదు. ఆ మోటారు ముందు పీట మీద కూర్చొని ఏడ్చాను. ఏడ్చి, చేతులు కడుక్కొని, అన్నం తిన్నాను.

పోయిన ఆదివారం సాక్ష్యాల సమయంలో అన్న లేచాడు. ఏడేళ్ళుగా ఒక్కసారి కూడా ఫిట్సు రాలేదని, దేవుడు తనను ముట్టి స్వస్థపరిచాడని చెప్పి ఏడ్చాడు. అయినా మాత్రలు ఆపాలంటే భయమన్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరూ స్తోత్రం అన్నారు. అందరితో పాటు నా నోరు కూడా స్తోత్రం అంది. ఇప్పుడు నిజం చెబితే ఆ మనిషికి మిగిలిన ఆ ఒక్క సంతోషాన్నీ లాక్కున్నట్టే కదా? చెప్పకపోవడానికి ఇది ఎంత మంచి సాకు! ఏడేళ్ళూ ఇలాంటివి నాకు ఒకదాని తర్వాత ఒకటి దొరుకుతూనే ఉన్నాయి.

దానియేలన్నకు ఏ జబ్బూ లేదు. ఎప్పుడూ లేదు. ఆయన్ను పడేసింది నేను. ఇంతవరకు ఈ మాట ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనుకోలేదు. ఇప్పుడు రాశాను. రాశాక గుండెల మీద బరువు కొంచెం దిగింది, అందుకు సిగ్గుగానూ ఉంది. టైము ఎనిమిదిన్నర అయింది. అన్న ఈ పూట మాత్ర కూడా వేసుకునే ఉంటాడు.