బుగ్గి

నర్సీపట్నంలో నేను గుమాస్తాగా పనిచేసే రెవెన్యూ ఆఫీసుకి వచ్చే పై అధికారులంతా వేరే జిల్లాలవాళ్లు. వాళ్లకి నేనంటే కాస్త గౌరవం, కారణం నా తెలుగు. "మీరు ఈ ఊరివారంటే నమ్మబుద్ధి కాదండీ" అని ఒకాయన అంటే, రెండు రోజులు గాల్లో తేలాను. సిగ్గుపడాల్సిన మాటకి పొంగిపోయాను. నా బుద్ధి ఎలాంటిదో ముందే చెప్పేస్తే మంచిది.

ఆ గొప్ప తెలుగు వెనక పాత కథ ఒకటి ఉంది. డిగ్రీకి విజయవాడ వెళ్లిన కొత్తలో, హాస్టల్ గదిలో "కిటికీ ముయ్యండి, బుగ్గి వచ్చేత్తంది" అన్నాను. ఒకడు ఎక్కడో నిప్పంటుకుందనుకుని బయటికి పరిగెత్తాడు. మా వైపు బుగ్గి అంటే దుమ్ము, వాళ్లకి బూడిద. చదువయ్యేదాకా నన్ను అందరూ ‘బుగ్గిగాడు’ అనే పిలిచారు. అప్పుడు పట్టుబట్టి నా మాటల్ని ఒక్కొక్కటే ఏరి పారేశాను. ఇంటికొస్తే మా అమ్మ మాటలు కూడా దిద్దేవాణ్ణి.

రోలుగుంట వైపునుంచి ఒకావిడ మా ఆఫీసుకి వచ్చింది. వాళ్ల జీడితోట పక్కనే రాళ్లు కొట్టే క్రషర్ పెట్టారట. ఆ తోట తప్ప వాళ్లకి ఇంకే ఆధారమూ లేదు.

"పూత మీద బుగ్గి పడిపోయి రాలిపోతంది బాబూ. రెండేళ్లయి జీడిపిక్కన్నది లేదు. నీళ్లైనా సల్లమని ఆళ్లకి సెప్పించండి. బేగి రాయండి, నా ఆటో ఎల్లిపోద్ది" అంది.

తొందరలో ఆవిడ చెప్తుంటే రాసేశాను. ‘ఆళ్లు’ అంటే ‘వారు’ అని రాశాను, ‘చల్లించవలసిందిగా’ అని రాశాను. అన్నీ దిద్దిన నా చెయ్యి ఆ ఒక్క మాట దగ్గర ఇంటి మాటే రాసేసింది. ‘జీడిపూతపై బుగ్గి పడి రాలిపోతున్నది.’ చూసుకోనైనా లేదు. ఆవిడ వేలిముద్ర వేసి వెళ్లింది. కాగితం కాలుష్యం సంగతి చూసే ఆఫీసుకి వెళ్లింది.

అక్కడినుంచి జవాబు ఆశ్చర్యంగా తొందరగానే వచ్చింది. ‘సదరు యూనిట్‌లో దహన ప్రక్రియ ఏదీ లేదు. బూడిద ఆనవాళ్లు కనబడలేదు. ఫిర్యాదు నిరాధారం.’ చదవగానే విషయం అర్థమైంది. సవరించి ఇంకో ఉత్తరం పెడితే సరిపోయేది. పెట్టాలంటే నా తప్పు ఒప్పుకోవాలి. ఫైలు కట్టేసి బీరువాలో పెట్టాను.

తర్వాతి పూతకాలంలో అసెంబ్లీ కమిటీ వచ్చింది. కాలుష్యం ఫిర్యాదుల మీద తనిఖీలు నిజంగా జరుగుతున్నాయా, కాగితాల మీదేనా అని చూడ్డానికి వచ్చిన ఎమ్మెల్యేల కమిటీ అది. వాళ్లు అడిగిన ఫైళ్లలో ఇదీ ఉంది. ఆవిణ్ణి కూడా పిలిపించారు. ఇస్త్రీ మడత నలగని చీర కట్టుకుని, కుర్చీ చివర్న కూర్చుంది. నన్ను చూసి చల్లగా నవ్వింది.

ఇలాంటి కమిటీలు భోజనాలకి వస్తాయని మా ఆఫీసులో అందరం నవ్వుకునేవాళ్లం. ఈ ఛైర్మన్ అలాంటివాడు కాదు. రాయలసీమ మనిషి, ఫైలు ముందే చదివి వచ్చాడు.

"రాళ్లు కొట్టేచోట బూడిద లేదని రాసినారు. సరే, ఎందుకుంటుంది? లేనిదాని కోసం ఈమె ఇంత దూరం ఎందుకొచ్చింది? నాకు అదే అనుమానం" అన్నాడు. ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, పూత మీద పడేది బుగ్గేనా?" అని అడిగాడు.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "అవునండి బాబూ, బుగ్గే! ఆకు కనపడదండి, అంతా బుగ్గే."

"మరి అక్కడ ఏమన్నా కాలుస్తారా?"

"కాల్సరండి. ఎందుకు కాలుత్తారు?"

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ ఏం తప్పు మాట్లాడిందో తెలియక అందరి ముఖాలూ చూసింది. ఛైర్మన్ మాత్రం నవ్వలేదు. "ఈ మాటకి మీ పక్క ఇంకేమన్నా అర్థం ఉందా?" అని మా అధికారిని అడిగాడు. ఆయన గర్వంగా నా వైపు చెయ్యి చూపించి, "ఈయన లోకలే సార్. తెలుగులో దిట్ట. ఆ అర్జీ రాసింది కూడా ఈయనే" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. దుమ్ము అని ఒక్క ముక్క అంటే చాలు. ఆయన ఆ సాయంత్రమే క్రషర్ దగ్గరికి వెళ్లేవాడు, నాకు అనుమానం లేదు. కానీ నాకు మళ్లీ ఆ హాస్టల్ గదిలో నిలబడ్డట్టే అయింది. ఆఫీసు కాగితంలో ఊరి మాట రాశానని ఇంతమంది ముందు ఎలా చెప్పను?

"బూడిదేనండి. ఆవిడ ఎలా చెబితే అలా రాశాను" అన్నాను.

టీలు పట్టుకొచ్చిన మా అటెండర్‌ది కూడా ఈ పక్కే, కృష్ణదేవిపేట. అతను చటుక్కున నా ముఖంలోకి చూసి తల దించుకున్నాడు. ఛైర్మన్ ‘తనిఖీ సక్రమం’ అని రాయించి ఇంకో ఫైలు అందుకున్నాడు.

మధ్యాహ్నం ఆవిడ వరండాలో నా కోసం నిలబడి ఉంది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నాకు మాట్టాడ్డం రాదు బాబూ. పెద్దోళ్లు అడిగితే సరిగ్గా సెప్పలేకపోయేను. మీరంత కష్టపడి రాత్తే, అందరి ముందరా మీ పరువు తీసేసేను. ఏటీ అనుకోకండి" అంది.

"పర్లేదమ్మా" అని ఆవిణ్ణి క్షమించాను.