లైటు పెట్టించిన పాదం

ఆ గాజు పెట్టెను నేను మొదటిసారి చూసింది మా కాలనీ కమ్యూనిటీ హాలులో. చెక్క పెట్టె, పైన మందపాటి అద్దం, అద్దం కింద తెల్లటి ట్యూబులైటు, దాని పక్కన చిన్న కెమెరా. పిల్లలు చెప్పులు విడిచి అద్దం మీద నిలబడితే అరికాలి ముద్ర కంప్యూటర్ తెర మీద కనిపించేది. బరువు పడిన చోట తెల్లగా, నేలకు తగలని చోట నల్లగా. ఒక వైద్య కళాశాల వాళ్ళు దాన్ని వ్యానులో పరుపుల మధ్య పెట్టుకుని తెచ్చారు. పిల్లల పాదాలు ఎట్లా ఎదుగుతున్నాయో, అరికాలి వంపు ఏ వయసులో కుదురుకుంటుందో చూడడం వాళ్ళ పరిశోధన. ముద్రలు తీసుకున్నాక గోడ మీద తెర కట్టి ఒక సినిమా వేసేవాళ్ళు. కాళ్ళు ఎట్లా కడుక్కోవాలి, వేళ్ళ సందులు ఎట్లా తుడుచుకోవాలి, ఎటువంటి బూట్లు వేసుకోవాలి అని అందులో ఒక బొమ్మ పిల్లవాడు చెబుతాడు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. బొగ్గు కంపెనీ సర్వే ఆఫీసులో గని మ్యాపులు గీసే ఉద్యోగం నుంచి నేను రిటైరై కొన్నేళ్ళయింది. హాలు తాళం నా దగ్గర ఉండేది. కాలనీలో ఎవరి పిల్లలు ఎవరో తెలిసిన మనిషి కావాలన్నారు కాబట్టి వాళ్ళు వచ్చినన్ని రోజులూ వరుస నిలబెట్టే పని నాది. రోజూ డైరీ రాసే అలవాటు వల్ల ఆ రోజులు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా గుర్తున్నాయి. లేకపోతే బాగుండేదని కూడా కొన్నిసార్లు అనిపిస్తుంది.

క్వార్టర్ల గోడ అవతల గుడిసెల్లో కాంట్రాక్టు పనివాళ్ళ కుటుంబాలు ఉండేవి. ఆటోలో మైకు పెట్టి చెప్పించాం కాబట్టి వాళ్ళూ వచ్చారు. అందులో ఒక ముసలావిడ మనవరాలిని చంకనెత్తుకుని వచ్చింది. ఆమె భర్త భూగర్భ గనిలో బొగ్గు నింపే పని చేసి, రిటైరయ్యాక పోయాడు. కొడుకుకు కంపెనీలో నౌకరీ రాలేదు. పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టరు కింద చేసేవాడు. అందుకని వాళ్ళకు క్వార్టరూ లేదు, కంపెనీ దవాఖానా లేదు.

పిల్లకు ఆరేళ్ళుంటాయి. ఎడమ కాలి వేళ్ళు పైకి లేచి పిక్క వైపు తిరిగి ఉన్నాయి. పాదం పైభాగమంతా మెరుస్తున్న, బిగిసిన మచ్చ. సంగతి అడగకుండానే అర్థమైంది. గ్యాసు లేని ఇళ్ళలో బొగ్గును వాకిట్లో కుప్ప పోసి, పొగ పోయేదాకా కాల్చి, ఆ తర్వాత పొయ్యిలోకి వాడుకుంటారు. పైన బూడిద కమ్ముకుంటుంది, లోపల కణకణలాడుతూ ఉంటుంది. పిల్ల ఆడుకుంటూ అందులో కాలేసింది. ఇంట్లో వాళ్ళు నీలి సిరా పోశారు, ఆర్‌ఎంపీ దగ్గర ఆయింట్‌మెంటు రాయించారు. పుండు మానింది. మానుతూ మానుతూ చర్మం వేళ్ళను పైకి లాగేసింది.

వరుసలో వెనక నిలబడిన ఒకావిడ ముసలామెను ఆటపట్టించింది.

"అవ్వా, నువ్వు గూడ ఎక్కుతవా ఏంది? నీ కాళ్ళు పెడితె అద్దం పలుగుతది."

"పలిగితె మీ అత్త పేరు చెప్త తియ్యి. ఆమెనే నన్ను తోలింది" అంది ముసలామె. వరుసంతా నవ్వింది.

పెట్టె దగ్గర కూర్చున్న డాక్టరమ్మ చాలా చిన్నది, చదువు ఇంకా అయిపోలేదేమో. పిల్ల పాదం చూసి నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది.

"కాలిన పాదాలు మా పరిశోధనలోకి రావండి. ఈ పాపను తీసుకోలేం."

అప్పటికే పిల్ల చెప్పు విడిచి అద్దం వైపు ఆశగా చూస్తోంది. డాక్టరమ్మ మనసు ఒప్పుకోలేదు.

"పోనీలెండి, ఒక్కసారి నిలబడనివ్వండి. ఇంతసేపు వరుసలో ఉంది కదా."

పిల్ల నిలబడింది. తెర మీద కుడి పాదం నిండుగా వచ్చింది. ఎడమది మడమ ఒక్కటే, దాని ముందు సన్నటి గీత.

"తాతా, గిది నాదేనా? మిగిలింది ఏడికి వోయింది?" అని పిల్ల నన్ను అడిగింది.

అందరం తెర వైపు చూస్తున్నాం. ముసలామె మాత్రం వంగి, అద్దం కింద వెలుగుతున్న లైటును చూస్తోంది. ఆ సంగతి నాకు అప్పుడే కనిపించింది, అర్థం మాత్రం కాలేదు. డాక్టరమ్మ ఆమెతో, ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండమ్మా, ఆలస్యం చేయొద్దు అంది. "అట్లనే బిడ్డా" అని ముసలామె రెండు చేతులూ ఎత్తి మొక్కింది. తీసుకెళ్తారనే నేనూ అనుకున్నాను.

వానలు తగ్గాక ఆ బృందం రెండోసారి వచ్చింది. పాదాల ఎదుగుదల తెలియాలంటే అవే పిల్లలవి మళ్ళీ తీయాలి. ముసలామె తలుపు తీయకముందే హాలు మెట్ల మీద ఉంది. పిల్ల కాళ్ళు సబ్బుతో రుద్ది కడిగి, కొత్త గౌను వేసి తెచ్చింది. ఈసారి పెట్టె దగ్గర ఒక విద్యార్థి ఉన్నాడు. పోయినసారి నిలబడిందని చెబితే సరేనన్నాడు.

"జెర ఎక్కువసేపు ఉంచు నాయనా" అని ముసలామె బతిమాలింది.

"ఉంచుతా అవ్వా, నీ మనవరాలు ఫోజు బాగా ఇస్తోంది" అని నవ్వాడు. పిల్ల కదలకుండా, ఊపిరి బిగబట్టి నిలబడింది. వేళ్ళు ఇంకా పైకి పోయినట్టు నాకనిపించింది.

"డాక్టరుకు చూపిచ్చినవా అక్కా?" అని అడిగాను.

"చూపిస్తున్నం గద సారూ" అంది. కరీంనగర్ పోయి వస్తున్నారనుకున్నాను.

మూడోసారి వాళ్ళు చెప్పిన సమయానికి రాలేదు. రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. గనులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లో ఉండిపోయాయి. చౌరస్తాలో టెంట్లు, పాటలు, రోడ్డు మీదే వంటలు. సమ్మె ముగిశాక కూడా వ్యాను రాలేదు. ముసలామె మాత్రం రెండు మూడు రోజులకొకసారి మా గేటు దగ్గరికి వచ్చేది.

"సారూ, లైటోళ్ళు ఎప్పుడొస్తరు?"

"తెల్వదక్కా. ఎందుకు, ఏం పనుండె?"

"ఏం పని అంటవేంది సారూ. రెండుసార్లు అయింది. లైటు నడ్మల ఇడిసిపెడితె గుణం ఉండదని మా ముసలాయనకు దవాఖానల చెప్పిండ్రు గద."

ఆమె లైటు వైపే ఎందుకు చూసేదో అప్పుడు అర్థమైంది. భూగర్భంలో పని చేసిన మా వాళ్ళకు నడుం నొప్పి రాకుండా పోదు. కంపెనీ దవాఖానలో పడుకోబెట్టి, ఎర్రటి దీపంతో కాపడం పెట్టేవాళ్ళు. 'లైటు పెట్టించుకుంటున్న' అనేవాళ్ళు దాన్ని. ఆ లైటుతో లేచి మళ్ళీ డ్యూటీకి పోయినవాళ్ళు ప్రతి ఇంట్లో ఉన్నారు. ఈమె భర్త కూడా లేచాడు.

"అక్కా, అది మందు లైటు గాదు. కాలు ఫొటో తీసే లైటు."

ఆమె నన్ను జాలిగా చూసింది.

"ఫొటోలకు గంత దూరంకెల్లి డాక్టర్లు వస్తరా సారూ? మా ముసలాయనకు ఎర్రది పెట్టిండ్రు. పిల్లలకు తెల్లది పెడ్తరు గావచ్చు."

 వాదించకుండా, వాళ్ళు వచ్చేలోపు ఒకసారి కరీంనగర్‌లో చూపిద్దాం పద అన్నాను. కొడుకు డ్యూటీ మానితే ఆ జాగాలో కాంట్రాక్టరు ఇంకొకరిని పెట్టుకుంటాడు. అందుకని నేనే తోడు పోయాను. బస్సు బసంత్‌నగర్ దాటేదాకా పిల్ల కిటికీలోంచి సిమెంటు లారీలకు చెయ్యి ఊపుతూనే ఉంది.

డాక్టరు పాదాన్ని చేతిలోకి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే కిందికి వంచి చూశాడు. చిన్నవి మూడూ కదలలేదు. నిప్పుల్లో కాలి ఎంతకాలమైందని అడిగి, చెప్పాక ముసలామె వైపు చూశాడు.

"ఇన్నాళ్ళు ఏం చేశారమ్మా?"

"ఊకె కూసోలే సారూ" అంది ఆమె, తల కొంచెం ఎత్తి. "రెండుసార్లు లైటు పెట్టిచ్చిన."

"ఏం లైటు?" అని ఆయన నన్ను అడిగాడు. పక్కకు పిలిచి సంగతి చెప్పాను. ఆయన పాదాన్ని ఇంకోసారి తిప్పి చూశాడు. తర్వాత, మచ్చ కోసి చర్మం అతికిస్తానన్నాడు. బొటనవేలూ దాని పక్కదీ దిగుతాయి. మిగతా మూడింటి కీళ్ళు వంగిన చోటే గట్టిపడ్డాయి, అవి పూర్తిగా దిగవు. మొదట్లోనే తెస్తే పాదం నేలకు ఆనేది. ఆపరేషన్ తెల్ల రేషన్ కార్డు మీద ఉచితం. అప్పుడూ ఉచితమే.

తిరుగు బస్సులో పిల్ల నా తొడ మీద తలపెట్టి నిద్రపోయింది. 

"సమ్మె పాడుగాను. మూడోది పడితె అయి గూడ దిగుతుండె" అంది ముసలామె. నా వైపు తిరిగి, "సారూ, డాక్టరు లైటు సంగతి ఎందుకట్ల అడిగిండు? అది మంచి లైటే గద?" అంది.

కాదంటే ఆ పాదం అట్లా గట్టిపడడానికి కారణం తన నమ్మకమేనని ఆమె తెలుసుకోవాలి. ఆ వయసు మనిషికి, ఆ బస్సులో, నేను ఆ మాట చెప్పలేకపోయాను.

"మంచి లైటేనక్కా" అన్నాను.

ఆపరేషన్ అయింది. డాక్టరు చెప్పినంతే దిగాయి, అంతకు మించి కాదు. పిల్ల మడమ మీద బరువేసి, ఎడమ వైపు ఒరుగుతూ నడిచేది. బృందం చివరిసారి వచ్చినప్పుడు ముసలామె అందరికంటే ముందు వచ్చింది. పెట్టె దగ్గర మొదటిసారి వచ్చిన డాక్టరమ్మే ఉంది. పాపను గుర్తుపట్టింది. ఏం చేయమంటారన్నట్టు నా వైపు చూస్తే, తల ఊపాను. తెర మీద ఎడమ పాదం ముందు వైపు రెండు తెల్ల మచ్చలు కొత్తగా వచ్చాయి. మిగతా చోటు నల్లగానే ఉంది. ముసలామె ఎప్పటిలాగే వంగి, లైటునే చూస్తోంది.

తర్వాత సినిమా వేశారు. బొమ్మ పిల్లవాడు నల్ల బూట్లలో కాళ్ళు పెట్టి, లేసులు కట్టుకుని గంతులేస్తున్నాడు.

"అవ్వా, నాకు గసొంటి బూట్లు పడ్తయా?" అని పిల్ల అడిగింది.

"ఎందుకు పడయ్ బిడ్డా. ఇంకొక్క లైటు పడితె పడ్తయ్."

వాళ్ళ వెనక, తెర వెలుతురు అందని చోట, ఇద్దరు విద్యార్థులు గాజు పెట్టె వైర్లు పీకి దాన్ని పరుపుల్లో చుడుతున్నారు. వాళ్ళ పరిశోధన ఆ రోజుతో అయిపోయింది.