గోవాకు అర అంగుళం ఎక్కువ

పటమటలో మా నాన్న దర్జీ. శుక్రవారం నమాజుకు తప్ప కొట్టు మూసేవాడు కాదు. చదివింది ఐదో తరగతి. కత్తెర పట్టాడంటే మాత్రం ఆయనకు సాటి లేరు. ఇది కూతురిగా చెబుతున్న మాట కాదు, మంగళగిరి నుంచి బస్సెక్కి వచ్చి మరీ కుట్టించుకునేవాళ్ల మాట. సరే, కూతురిగా కూడా చెబుతున్నాననుకోండి.

తొంభైల చివర్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూల్లో ఎగ్జిబిషన్ పెట్టారు. మొదటి బహుమతి వస్తే బందరులో జిల్లా పోటీకి పంపుతారు. నాకు ఎలాగైనా బందరు వెళ్లాలి. ఐరోపావాళ్ల వలస సామ్రాజ్యాల్లో ఎవరిది ఎంత పెద్దది, ఎవరిది ఎన్నాళ్లు నిలిచింది అన్నది నా అంశం. పాత దుప్పటి మీద నేను ప్రపంచపటం గీస్తే, నాన్న మిగులు గుడ్డలతో దేశాలు కత్తిరించి కుట్టాడు. ఇంగ్లీషువాళ్లకు ఎరుపు, ఫ్రెంచివాళ్లకు నీలం, పోర్చుగీసువాళ్లకు ఆకుపచ్చ. కాలానికి కొలత టేపులు, పదేళ్లకు ఒక అంగుళం. ఇంగ్లీషు టేపు నలభై దగ్గర ఆగింది. చైనా తీరంలోని మకావు అప్పటికింకా పోర్చుగీసువాళ్ల చేతిలోనే ఉంది కాబట్టి వాళ్లది దాదాపు టేపు చివరిదాకా పోయింది.

తీర్పు చెప్పడానికి వచ్చిన రిటైర్డు హెడ్మాస్టరు గారు పటం చూసి నవ్వేశారు.

"గోవా ఏంటమ్మా, సగం మహారాష్ట్రని మింగేసింది? ఎవరు కోశారిది?"

నిజమే. చేతి అలవాటు కొద్దీ నాన్న ప్రతి ముక్కకూ చుట్టూ అర అంగుళం కుట్టుకు వదిలాడు. పెద్ద దేశాల అంచులు లోపలికి మడిచి కుట్టాడు. గోవాని మడిస్తే ఏమీ మిగలదని అలాగే కుట్టేశాడు. విస్తీర్ణాలు పోల్చే పటంలో ఇంతకంటే తప్పేముంటుంది? బందరు పోయినట్టే. పైగా పనంతా పిల్లలే చేయాలన్నది నియమం. నేనే కోశానంటే రెండో మూడో బహుమతైనా దక్కేది. కానీ కొట్టు మూసుకుని వచ్చిన నాన్న వెనకే నిలబడి ఉన్నాడు. ఆ పనితనం నాదని చెప్పుకోవడానికి నోరు రాలేదు.

"మా నాన్న కోశాడండీ. కుట్టుకి వదిలాడు," అన్నాను.

నాన్న చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "తప్పు నాదే సార్, పాపది కాదు. అయినా ఎవరి ముక్క ఎంతుంటే ఏంలెండి, అంతా ఎదుటోళ్ల తానులోంచి కోసిందేగా!"

పెద్దాయన నవ్వు ఆపేశారు. తన కుర్చీ నాన్న వైపు జరిపారు. "మీరు కూర్చోండి మాస్టారూ," అన్నారు.

బహుమతి ఏదీ రాలేదు. కొలతలు తీయడానికి తప్ప పెద్దమనుషుల దగ్గరకు వెళ్లని నాన్న ఆ కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. నేను పక్కనే నిలబడి, పటం చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లకీ అడక్కపోయినా చెప్పాను, ఈయన మా నాన్న అని.