చెమ్మబల్ల

విశాఖ వన్ టౌన్‌లోని పాత క్లబ్బులో ఉన్న ఒకే ఒక్క స్నూకర్ బల్ల మీద అర్జునరావు ఆట నేర్చాడు. సముద్రపు గాలికి దాని మీద పరిచిన పచ్చగుడ్డ ఏడాది పొడుగునా చెమ్మగానే ఉండేది. గట్టిగా కొడితే తప్ప బంతి పాకెట్ దాకా పోయేది కాదు. ఊళ్లో అతన్ని ఓడించే మొనగాడు లేకపోయేసరికి పోర్టు ఉద్యోగం కాలదన్ని, ఎనభై మూడులో బెంగళూరు పోటీకి రైలెక్కాడు.

అక్కడి గుడ్డ పొడిగా ఉంది, తాకితే చాలు బంతి జారిపోతుంది. అతను బాదిన ప్రతి బంతీ పాకెట్ అంచుకు కొట్టుకుని వెనక్కి దూకింది. మొదటి ఆటలోనే ఓడిపోయాడు. ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్లాలి? అక్కడే ఏడాదిపాటు పస్తులుంటూ, ఆ పొడి బల్లల మీద సాధన చేసి చేతిని పూవులా మెత్తబరుచుకున్నాడు.

ఆ మరుసటి ఏడు పెద్ద పోటీ విశాఖలోనే, ఆ పాత క్లబ్బులోనే పెట్టారు. ఇక్కడ గెలవకపోతే అతనికి ఆటా లేదు, కూడూ లేదు.

మొదటి బంతి పాకెట్‌కు జానెడు దూరంలో ఆగిపోయింది. రెండోదీ అంతే.

"గట్టిగా కొట్టు బావా! మన బల్లే కదా!" అని గోడ పక్కనుంచి స్నేహితుడు వరహాలు అరిచాడు.

అర్జునరావు కర్ర దించి, తన చేతివంక చూసుకున్నాడు.

"ఎంత గట్టిగా బావా? నాను మర్సిపోనాను."