తాళం వేయించిన మనిషి

మా సార్ పోయారని ఆదివారం పొద్దున క్లాస్‌మేట్ ఫోన్ చేసి చెప్పాడు. గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆస్పత్రిలో పోయారట. నేను ఒంగోలులో బస్సెక్కి గుంటూరు చేరేసరికి వాళ్ళింటి ముందు టెంటు వేసి ఉంది. కుర్చీలు చాలా వేశారు గానీ కూర్చున్నవాళ్ళు తక్కువ. కాలేజీ వాళ్ళు నలుగురైదుగురు, పాత విద్యార్థులం కొందరం. ఆయన కాలేజీకి రాకముందు ఏళ్ళ తరబడి పనిచేసిన మిల్లు నుంచి ఒక్కరూ రాలేదు. వస్తారని ఆయన భార్య కూడా అనుకోలేదు.

గుంటూరు శివారులోని ఒక ప్రైవేటు కాలేజీలో మేం ఎంబీఏ చదివేటప్పుడు ఆయన మాకు బిజినెస్ ఎథిక్స్ చెప్పేవారు. ఆ సబ్జెక్టంటే మాకెవరికీ లెక్క లేదు. పరీక్ష ముందురోజు తిరగేస్తే చాలనుకునేవాళ్ళం. అటెండెన్స్ అయ్యాక పిల్లలు జారుకోకుండా క్లాసు వెనక తలుపుకి బయటనుంచి గడియ పెట్టడం మా కాలేజీ అలవాటు. సార్ మొదటిరోజు లోపలికొచ్చి, పుస్తకం బల్ల మీద పెట్టి, నేరుగా ఆ తలుపు దగ్గరికెళ్ళి తట్టారు.

"తీస్తే సగం మంది ఉండరు సార్," అన్నాడు బయటనుంచి అటెండరు.

"పోతే పోనీ. తియ్యి."

నిజంగానే సగం మంది పోయేవాళ్ళు. ప్రిన్సిపాల్ పిలిచి మందలించినా సార్ ఆ తలుపు వెయ్యనివ్వలేదు. చాదస్తం అనుకున్నాం. సినిమాహాలుకి వెళ్ళినా, కల్యాణమండపానికి వెళ్ళినా ఆయన ముందు తలుపులెక్కడున్నాయో చూసి గానీ కూర్చోరని తర్వాత తెలిసింది.

పుస్తకంలో కేసులన్నీ విదేశీ కంపెనీలవి. కార్లవి, విమానాలవి. ఒకరోజు వాటిని పక్కనపెట్టి, నోటితోనే ఒక కేసు చెప్పారు.

"ఒక జిన్నింగ్ మిల్లు. పత్తిలోంచి గింజ తీసి దూది బేళ్ళు కడతారు. ఆ దూది కొద్దికొద్దిగా వెనక తలుపులోంచి దొంగతనంగా పోతోంది. ఓనరు మేనేజర్ని పిలిచి, ఏం చేస్తావో నాకు తెలీదు, ఆపు అన్నాడు. మేనేజరు ఆ తలుపుకి తాళం వేయించి, తాళంచెవి వాచ్‌మన్ చేతికిచ్చాడు. దొంగతనం ఆగిపోయింది. ఓనరు అందరి ముందూ మేనేజర్ని మెచ్చుకున్నాడు. సరైన నిర్ణయమేనా?"

సరైనదే అన్నాం. నేనైతే లేచి నిలబడి, నష్టాన్ని అదుపు చేయడం మేనేజరు మొదటి బాధ్యత అని దంచేశాను. కెమెరా కూడా పెట్టాల్సిందని ఇంకొకడన్నాడు. చివర్లో చిలకలూరిపేట నుంచి వచ్చే ఒకమ్మాయి నెమ్మదిగా లేచింది. వాళ్ళమ్మ పత్తిమిల్లులో పనిచేసేది.

"సార్, తాళం వేసేముందు ఆ తలుపు లోపల పనిచేసేవాళ్ళని ఎవరన్నా అడిగారా?"

ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగారు.

"లేదమ్మా. నేను అడగలేదు."

ఆ 'నేను' అన్న మాట ముందు మాకు అర్థం కాలేదు. ఆ మేనేజరు ఆయనేనని తర్వాత వెలిగింది. ఆయన అదే గొంతుతో మిగతాది చెప్పారు. మరుసటి సీజన్‌లో పత్తితో పాటు ఏదో ఇనుపముక్క యంత్రంలో పడింది. నిప్పురవ్వ లేచింది. దూది అంటుకుంటే ఎంతసేపు. ముందు దారి మంటలతో మూసుకుపోయి, లోపల పనిచేస్తున్న ఆడవాళ్ళు వెనక తలుపు వైపు పరిగెత్తారు. వాచ్‌మన్ టీ తాగడానికి రోడ్డు మీదికెళ్ళాడు, తాళంచెవి అతని జేబులో ఉంది. బయటివాళ్ళు తలుపు పగలగొట్టేసరికి ఇద్దరు పొగకి ఊపిరాడక చనిపోయారు. ఒకావిడ చెయ్యి కాలి బతికి బయటపడింది. చనిపోయినవాళ్ళలో ఒకరు ఆవిడ చెల్లెలు.

వాచ్‌మన్ తనంతట తానే తాళం వేశాడని చెబితే చాలు, మిల్లులో నీ ఉద్యోగానికి ఢోకా లేదన్నారు మిల్లు వాళ్ళు సార్‌తో. సార్ కోర్టులో ఉన్నది చెప్పారు. తాళం వేయించింది నేను, దొంగతనం ఆపమని నాకు చెప్పింది ఓనరు గారు అని. ఓనరు నోటిమాటకి సాక్ష్యం లేదు. ఆయనకేమీ కాలేదు. వాచ్‌మన్ బయటపడ్డాడు. సార్ జైలుకెళ్ళొచ్చారు. ఆ తర్వాత ఏ మిల్లూ, ఏ కోల్డ్ స్టోరేజీ ఆయన్ని తీసుకోలేదు. చివరికి మా ప్రిన్సిపాల్ అంతా తెలిసే తీసుకున్నారు.

మీరు చేసింది గొప్ప పని సార్ అని ఒకసారి ఎవరో అంటే ఆయనకి కోపం వచ్చింది. "అబద్ధం చెప్పకపోవడం గొప్పేంటయ్యా? అది మామూలు పని. గొప్ప పని చెయ్యాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది. తాళం కొన్న రోజది."

మా రిపోర్టుల్లో 'నిర్ణయం తీసుకోబడినది' అని కనిపిస్తే ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన 'ఎవరు?' అని రాసేవారు. మార్కులు బాగా కోసేవారు. ఆ ప్రశ్నకి జడిసి, ఇప్పటికీ నేను ఆఫీసులో ఒక వాక్యం రాస్తే ఆ పని చేసినవాళ్ళెవరో అందులో ఉండేలా చూసుకుంటాను.

చదువయ్యాక నేను ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో హెచ్.ఆర్. చూసేదాన్ని. కూలీలు మధ్యలో బయటికి పోతున్నారని షిఫ్టు అయ్యేదాకా గేటుకి తాళం పెట్టమన్నారు. ఆ ఆర్డరు మీద సంతకం చెయ్యనన్నాను. ఇంటికొచ్చి సార్‌కి ఫోన్ చేశాను.

"ఉద్యోగం పోతుంది," అన్నారు ఆయన. "పోదని నేను చెప్పలేను."

"నేను కాకపోతే ఇంకొకళ్ళు సంతకం పెడతారు కదా సార్."

"పెడతారు. అందుకని నువ్వు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకెళ్ళు. కాగితం ఇచ్చి వచ్చెయ్యకు. పని అయ్యేదాకా తిరుగు."

ఉద్యోగం పోయింది. తాళం పడింది. నెలల తరబడి తిరిగితే తీశారు. తీసిన రోజు నేను ఫోన్ చేసి చెప్పాను. "అన్నం తిన్నావా అమ్మా?" అని అడిగారు ఆయన.

చెయ్యి కాలినావిడ గుంటూరుకి దగ్గర్లోని ఊళ్ళోనే ఉంటుంది. ఏటా ప్రమాదం జరిగిన రోజున సార్ ఆవిడ ఇంటికి వెళ్ళేవారు. బస్సెక్కే ఓపిక పోయాక ఒకసారి నా స్కూటర్ మీద తీసుకెళ్ళాను. ఆవిడ వాకిట్లో ఉంది. సార్‌ని చూసి లోపలికెళ్ళిపోయింది. ఆయన ఎండలో కాసేపు నిలబడి, పదమ్మా అన్నారు.

"ఎప్పుడన్నా మాట్లాడిందా సార్?"

"లేదు."

"మరెందుకు రావడం? ఆవిడకి కష్టమేమో."

"కావచ్చు. ఒద్దంటే మానేస్తాను. కానీ ఒకరోజు నన్ను తిట్టాలనిపిస్తే, ఎక్కడని వెతుక్కుంటుంది?"

నాకు ఆ మాట మింగుడుపడలేదు. ఆయన వెళ్ళడం మంచిదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేను.

దహనం అయ్యాక మర్నాడు ఆ ఊరికి నేనే వెళ్ళాను. ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆవిడ ఇంటి పక్క ఖాళీ స్థలంలో టార్పాలిన్ మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. కాలిన చేతి వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి. కాయని ఆ చేత్తో మోకాలికేసి అదిమిపట్టి, రెండో చేత్తో లాగుతోంది.

"మిల్లు మేనేజరు గారు పోయారమ్మా. చెబుదామని వచ్చాను."

చేతిలో కాయ పని పూర్తిచేసి కుప్పలో వేసింది.

"ఎప్పుడు?"

"నిన్న పొద్దున."

"మంచోడే," అంది. "తాళం వేయించింది ఆయనే."

ఆవిడ ఇంకో కాయ తీసుకుంది.

"ఏం జబ్బు?"

"ఊపిరితిత్తులు పాడయ్యాయి."

"ఆయాసపడ్డాడా?"

ప్రశాంతంగా పోయారని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"పడ్డారమ్మా. చివరి రెండ్రోజులూ ఊపిరందలేదు."

ఆవిడ తల ఊపింది. "మా చెల్లి కూడా అంతే," అంది.

ఎండ వాలింది. ఘాటుకి నాకు దగ్గొచ్చింది, ఆవిడకి రాలేదు. కాసేపటికి పక్కనున్న గోనెపట్టా తీసి, దుమ్ము దులిపి, నా వైపు తోసింది. కూర్చున్నాను. ఆవిడ కుప్పలోంచి ఇంకో కాయ అందుకుని, ముడుచుకుపోయిన వేళ్ళ కింద పెట్టి గట్టిగా అదిమింది.