రక్‌లో చెయ్యి చూసిన మా బావ

మా దీవిలోని సెయింట్ పియర్‌లో మా అక్క భర్త, మా బావ, మొన్న మంగళవారం పొద్దున్నే పోయారు. టీ తాగి, కాసేపు నడుం వాలుస్తానన్నారట. అక్క వెళ్ళి లేపితే లేవలేదు. అరవై దాటిన మనిషి, ఒక్కరోజైనా మంచాన పడలేదు. ఆ మాటే చెప్పుకుని మేమంతా కాస్త కుదుటపడ్డాం.

ఆయనకి కొద్దిపాటి చెరుకుతోట ఉండేది. శనివారాలు మాత్రం మోకా ఊరి దగ్గర సైనికులు రగ్బీ ఆడే మైదానానికి వెళ్ళి, గడ్డి కోసి సున్నంతో గీతలు వేసేవారు. రెఫరీ దొర ఒకాయన సరదాకి ఈయనకి ఆట నేర్పాడు. అన్నిటికన్నా బావకి రక్ నచ్చింది. బంతితో పరుగెత్తేవాణ్ణి పడగొడితే వాడు బంతి వదిలెయ్యాలి. రెండు జట్లవాళ్ళూ దాని మీదుగా భుజాలు ఆనించి తోసుకుంటారు. అదే రక్. అందులో బంతిని కాళ్ళతోనే వెనక్కి లాక్కోవాలి. చెయ్యి పెట్టకూడదు, బంతి మీద పడుకోకూడదు. ఈ సంగతి అక్కకి చెప్పడానికి ఆయన వంటింటి గుమ్మంలో కొబ్బరికాయ పెట్టి, నన్ను ఎదురుగా నిలబెట్టి తోశారు. నాకు భుజం వారం రోజులు నొప్పి పెట్టింది.

ఒక శనివారం సైనికులకీ, చక్కెర మిల్లు జట్టుకీ ఆట. సగంలో రెఫరీ దొర కాలు మడత పడింది. నియమాలు తెలిసి, ఏ జట్టుకీ చెందనివాడు మా బావ ఒక్కరే. ఇద్దరు కెప్టెన్లూ కాసేపు గుసగుసలాడుకుని ఈల ఆయన చేతికిచ్చారు. గట్టు మీద కూర్చున్న మేమంతా లేచి నిలబడ్డాం.

చివరి నిమిషాల్లో సైనికుల గీత దగ్గర రక్ పడింది. ఆయన వంగి చూస్తూ, "తిర్ లామె, తిర్ లామె" అని మా దీవి భాష క్రెయోల్‌లో హెచ్చరించారు, చెయ్యి తియ్యమని. అయినా మిల్లు మేనేజరు కొడుకు బంతి లాగి గీత అవతల నేలకి ఆనించేశాడు, అలా ఆనిస్తే పాయింట్లు. వాళ్ళ జట్టంతా కేకలు వేసింది. బావ ఈల ఊదారు. ఆ పాయింట్లు లేవు, పెనాల్టీ సైనికులకి. మిల్లు జట్టు ఓడిపోయింది.

ఆ రాత్రి అక్క అన్నం వడ్డించి పక్కనే కూర్చుంది.

"మన చెరుకు వాళ్ళ మిల్లుకే పోవాలి కదా. ఆ ఒక్కసారికి చూడనట్టు ఉంటే ఏం పోయేది?"

"చూశాను గదా," అన్నారు బావ. అన్నం మాత్రం సగమే తిన్నారు.

సోమవారం చెరుకు బండితో మిల్లుకి నేనూ వెళ్ళాను. కొట్టిన చెరుకుని వాళ్ళు కక్షతో ఎండలో నిలబెడితే ఎండిపోతుంది. ఆ భయం ఇద్దరికీ ఉంది. గేటు దగ్గరికి మేనేజరు కొడుకే వచ్చాడు. అంతమంది కాళ్ళ మధ్య తన చెయ్యి ఎలా కనిపించిందని అడిగాడు.

"చెయ్యి కనపడలేదు మిస్యే," అన్నారు బావ, అయ్యగారూ అన్నట్టు. "మోచెయ్యి వెనక్కి పోయింది. కాలితో లాగేవాడికి మోచెయ్యి కదలదు."

అతను తన మోచేతిని ఓసారి ఆడించి చూసుకుని నవ్వేశాడు. చెయ్యి పెట్టిన మాట నిజమేనన్నాడు. బండి లోపలికి పంపమన్నాడు. మరుసటి ఆటకి ఈల ఊదమని కబురు పెట్టిందీ అతనే.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఊదారు. "ముందు చెప్పాలి, వినకపోతే ఊదాలి" అనేవారు. నా పిల్లల తగవులకీ అదే వరస. తప్పులూ చేశారు. ఒకసారి ఎదుటివాళ్ళు తప్పు చేసినా, తప్పు చెయ్యని జట్టుకే బంతి దొరికి, ముందు దారంతా ఖాళీగా ఉండగా తొందరపడి ఈల ఊదేశారు. అలాంటప్పుడు ఆట సాగనివ్వాలి. ఆట అయ్యాక ఆ కెప్టెన్ దగ్గరికి తనే వెళ్ళి, పొరపాటు నాదన్నారు. ఇంటికొచ్చి ఆ సంగతి మాకూ చెప్పారు. ఎవరూ అడగలేదు.

ఆయన ఈల ఊదగా నేను చూసిన చివరి ఆట నాడు వాన పడుతోంది. మైదానం వెనక కొండ కనిపించడం లేదు. ఆటగాళ్ళంతా ఒక్క ముద్దగా తోసుకుంటున్నారు, తడిసిన వీపుల మీంచి ఆవిరి లేస్తోంది. ఆ ఆవిరిలోకి మా బావ నడుం వంచి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కింద బంతి ఎక్కడుందా అని తల పక్కకి వాల్చి చూస్తున్నారు.