బెల్లం నీళ్ళలో కలిపిన కానుగ గింజలు

ఈ సాయంత్రం పక్క సైటులో ఎవరో పచ్చి ఆకులు తగలబెట్టారు. ఆ ఘాటుకు మా ఇంట్లోవాళ్ళంతా కిటికీలు మూశారు గాని, నేను మాత్రం తొంభైల చివర్లో ఒక పొద్దున నేను పనిచేసిన హెబ్బగోడి నర్సరీ గేటు దగ్గరికి వెళ్ళిపోయాను. ఆ రోజూ ముందు వాసనే వచ్చింది. ఎండు చెత్త అలా కాలదని నా గుండెకు ముందే తెలిసింది. టిఫిన్ డబ్బాతో లోపలికి పరుగెత్తేసరికి, నా కానుగ మొక్కలన్నీ కుప్పగా కాలుతున్నాయి.

చందాపుర దగ్గర తవ్వి వదిలేసిన రాళ్ళ క్వారీ కోసం పెంచినవవి. దాని కిందే మా అద్దె ఇల్లు. గాలి లేస్తే రాతి గుండ పిల్లల పక్కల మీదికి వచ్చేది. చిన్నది దగ్గుతుంటే దాని వీపు మీద చెయ్యి వేసుకుని కూర్చునేదాన్ని. ఏది నాటినా ఎండిపోయే ఆ నేలలో, ఒక బండ చీలికలో మాత్రం ఒక్క కానుగ, ఇక్కడివాళ్ళు హొంగె అంటారు, పచ్చగా నిలబడి ఉండేది. దాని వేళ్ళ మీది గడ్డల్లో ఉండే సూక్ష్మజీవులే గాలి నుంచి చెట్టుకు తిండి వండి పెడతాయి. ప్యాకెట్లలో కొన్న సూక్ష్మజీవులు ఆ రాతి గుండలో బతకలేదు గనక, ఆ గడ్డలనే నలిపి నర్సరీ మొక్కలకు పట్టించాను. తర్వాత ఆ చెట్టును ఎవరో వంటచెరకుకు కొట్టుకుపోయారు.

కాల్చింది మా మేస్త్రీ. మదనపల్లె వైపు టమాటా తోట పోగొట్టుకుని వచ్చినవాడు.

"యేర్లకంతా గడ్డలు పడుండాయమ్మా! మా టమాటా ఇట్లే పాయె. మిగతావాటికి అంటుకుంటాదని కాల్చేస్తి."

టమాటాకు గడ్డ రోగం, కానుగకు ప్రాణం అని చెప్పాను. "అంటే బాగుండేవాటినే కాలిస్తినా తల్లీ!" అని అక్కడే కూలబడ్డాడు.

మధ్యాహ్నం క్వారీ కంపెనీ మేనేజరు వచ్చి, "వదిలెయ్యండి మేడం, అది చచ్చిన నేల. నెక్స్ట్ వీక్ నుంచి బిల్డింగుల డెబ్రిస్ పోసుకోడానికి లారీలకు ఇచ్చేస్తాం," అన్నాడు.

"ఆ లారీలు మా ఇంటి ముందు నుంచే రావాలి సార్. ఎలా వస్తాయో నేనూ చూస్తాను. వానలు పడేదాకా ఆ నేల నాది."

వెనక నుంచి మేస్త్రీ పొట్ట తట్టుకుంటూ, "నేనూ అడ్డం పండుకుంటాలేమ్మా. నన్ను దాటేది లారీకి కష్టమే," అన్నాడు.

ఇంటి వరండాలో రెండు పాలపొడి డబ్బాల్లో రెండు కానుగ మొక్కలు ఉండేవి. నర్సరీ మొక్కల్లోవే, అంతకుముందే పిల్లలిద్దరికీ చెరొకటి ఇచ్చాను. వాటికి వాళ్ళ పేర్లే పెట్టుకున్నారు. ఇంటికి వెళ్ళగానే ఒకదాని మట్టి వేలితో తవ్వి, ఒక గడ్డను గోటితో గిల్లాను. లోపల నెత్తురులాంటి ఎరుపు. అంటే సూక్ష్మజీవులు బతికే ఉన్నాయి! కానీ ఆ గడ్డల్ని నలిపి, అంటుకునేలా బెల్లం నీళ్ళలో కలిపి కొత్త గింజలన్నిటికీ పట్టించాలంటే రెండు మొక్కలూ పెకలించక తప్పదు.

ఇప్పుడా క్వారీ గట్టు నిండా కానుగ నీడే, కింద వరసగా అపార్టుమెంట్ల కార్లు. రాతి గుండ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. కార్ల మీద పూలు రాలుతున్నాయని కొమ్మలు కొట్టిస్తున్నారు. ఇవాళ పక్క సైటులో కాలినవీ అవే. రేపు వెళ్ళి, ఎందుకు కొట్టిస్తున్నారని అడుగుతాను. అడగడం నాకు అప్పుడే అలవాటైంది.

అప్పట్లో, మొక్కలు కాలిన మర్నాడు పొద్దున, చల్లారిన బెల్లం నీళ్ళ బేసిను ముందు పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పాను: "మీ మొక్కల్ని నేనే పీకుతున్నాను. ఏడుపొస్తే ఏడవండి, గింజలు కలిపే చేతులు మాత్రం ఆపకండి. ఈ గింజలు లేచాక ఆ క్వారీ గట్టంతా మీ పేర్లే."